పాత ఫోక్స్‌వ్యాగన్ బస్సుకి ఆయిల్ టెంపరేచర్ సెన్సర్: ఎక్కడ బిగించాలి, ఏ మీటరు కొనాలి

గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ బస్సుకి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. అందుకే కంపెనీ టెంపరేచర్ మీటరు కూడా పెట్టలేదు. డాష్‌బోర్డులో ఆయిల్ గురించి చెప్పేది ఒకే ఒక్క లైటు, అదీ ప్రెషర్ దాదాపు పూర్తిగా పడిపోయాక వెలిగేది. టైప్ 1 ఇంజన్‌లో పట్టేది రెండున్నర లీటర్ల ఆయిల్. బేరింగులకు జారుడు ఇవ్వడం దాని పనే, ఇంజన్ లోపలి వేడిని బయటికి మోసుకొచ్చే పనిలో పెద్ద వాటా కూడా దానిదే. ఆ రెండున్నర లీటర్లు ఎంత వేడెక్కాయో తెలియకుండా, ఎంతో డబ్బు పోసి బాగుచేసిన ఇంజన్‌ని ఎండాకాలం హైవే మీద 90లో తోలడం సరైన పని కాదు.

సెన్సర్ పెట్టాలని నిర్ణయించుకున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ స్థానంలోనా, సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు) కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ నట్టులోనా, ఫిల్టర్ లైన్‌లోనా? చాలామంది చేతికి దొరికిన మరలో బిగించేస్తారు. మీటరు మీద కనిపించే అంకెకి అర్థం ఇచ్చేది మాత్రం సెన్సర్ మొన కూర్చున్న చోటే.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 1200 నుంచి 1600 సీసీ దాకా ఉన్న టైప్ 1 ఇంజన్ బస్సుల గురించి, అంటే రెండు ముక్కల అద్దం ఉన్న పాతవీ, 1967 తర్వాత వచ్చిన బే విండో (ముందు ఒకటే వంపు అద్దం ఉన్న) బస్సుల్లో టైప్ 1 ఇంజన్ ఉన్నవీ. 1700, 1800, 2000 సీసీ టైప్ 4 ఇంజన్ల సంగతి వేరు, దానికి విడిగా ఒక భాగం ఉంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొన ఏ ఆయిల్‌లో మునుగుతుంది? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పంపు సంప్‌లోంచి ఆయిల్‌ని లాగి, దాన్ని చల్లబరిచే కూలర్ గుండా పంపి, అక్కడినుంచి బేరింగులకు తోస్తుంది. సంప్‌లో ఉండేది ఇంజనంతా తిరిగి, వేడెక్కి, ఇంకా కూలర్‌కి వెళ్లని ఆయిల్. మనం చూడాల్సింది ఆ వేడినే. కూలర్ తర్వాత కొలిస్తే అంకె తక్కువ కనిపిస్తుంది, మనసుకి హాయిగా ఉంటుంది, ఇంజన్‌కి ఉపయోగం ఉండదు. ఆయిల్ కదలని మూల దారిలో కొలిస్తే అది ఆయిల్ వేడి కాదు, ఆ మూల లోహం వేడి.

ఇంజన్ కేసు (బయటి గుల్ల) ఏ లోహం? టైప్ 1 కేసు మెగ్నీషియం మిశ్రమం. తేలిక, కానీ మెత్తన. పానా మీద కాస్త ఎక్కువ బలం పెడితే స్టడ్ మరతో సహా ఊడొస్తుంది. సూదిమొనలా సన్నబడే మర ఉన్న ఫిట్టింగుని ఇంకో రకం రంధ్రంలో బలవంతంగా తిప్పితే కేసు పగులుతుంది. కేసు మీద కొత్త రంధ్రం చేయాల్సిన పద్ధతి ఏదైనా సరే, ఇంజన్ పూర్తిగా విప్పి ఉన్నప్పుడు మాత్రమే. లోహపు పొడి ఒక్క చిటికెడు లోపల మిగిలినా కొత్త బేరింగులు గీతలు పడతాయి.

బండి ఏ దశలో ఉంది? ఇంజన్ బల్ల మీద ఉంటే అన్ని దారులూ తెరిచి ఉన్నట్టే. బండిలో బిగించి నడుస్తూ ఉంటే రెండే మిగులుతాయి: డిప్‌స్టిక్, సంప్ ప్లేటు.

కరెంటు 6 వోల్టులా, 12 వోల్టులా? 1967కి ముందటి మోడళ్లు చాలావరకు 6 వోల్టులు. 12 వోల్టుల మీటరు 6 వోల్టుల మీద సరిగ్గా చూపదు. బ్యాటరీ మీద రాసింది నమ్మకుండా, ఇగ్నిషన్ ఆన్ చేసి కాయిల్ దగ్గర మల్టీమీటరు పెట్టి చూసుకోండి. సగం మార్చి వదిలేసిన వైరింగ్ పాత బండ్లలో సర్వసాధారణం.

## ఒకే చూపులో

| చోటు | కొలిచేది | కేసుకి మార్పు | లీకు అవకాశం | ఎప్పుడు పెట్టొచ్చు |
|---|---|---|---|---|
| డిప్‌స్టిక్ సెన్సర్ | సంప్ ఆయిల్ పైభాగం | లేదు | తక్కువ | ఎప్పుడైనా, అరగంటలో |
| డ్రెయిన్ నట్టు సెన్సర్ | సంప్ అడుగు ఆయిల్ | లేదు | మధ్యస్థం | ఆయిల్ మార్చేటప్పుడు |
| అదనపు సంప్‌లో సెన్సర్ | సంప్ ఆయిల్ | లేదు | మధ్యస్థం | ఆయిల్ మార్చేటప్పుడు |
| ఫిల్టర్ లైన్‌లో సెన్సర్ | పంపు నుంచి పారే ఆయిల్ | ఫిల్టర్ కోసం రంధ్రం, మర | గొట్టాల దగ్గర ఎక్కువ | ఇంజన్ విప్పినప్పుడు |
| ప్రెషర్ స్విచ్ రంధ్రం | నిలిచిపోయిన ఆయిల్ | లేదు | కేసు పగిలే ప్రమాదం | వద్దు |

## డిప్‌స్టిక్ సెన్సర్

పాత డిప్‌స్టిక్ తీసి, అదే గొట్టంలో సెన్సర్ ఉన్న కొత్తది దింపుతారు. ఒక్క నట్టు కూడా విప్పక్కర్లేదు. బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలనుకునేవారికి ఇంతకంటే మర్యాదైన దారి లేదు, కావాలంటే పది నిమిషాల్లో పాతది తిరిగి పెట్టేయొచ్చు.

చిక్కు పొడవు దగ్గర వస్తుంది. చాలావాటికి పైన కదిలే కాలర్ ఉంటుంది. పాత డిప్‌స్టిక్‌ని పక్కన పెట్టి, ఆనే చోటునుంచి పై గీత, కింది గీత ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి, కొత్తదాని గీతలు సరిగ్గా అక్కడికే వచ్చేలా కాలర్ బిగించాలి. 10 మి.మీ. తేడా వచ్చినా ఆయిల్ లెవెల్ తప్పు చూపిస్తుంది. టెంపరేచర్ తెలుసుకోబోయి ఆయిల్ తక్కువతో నడపడం అన్నిటికంటే చెడ్డ బేరం.

రెండో చిక్కు: ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్‌లో కొంత భాగం పైన తిరుగుతూ ఉంటుంది, సంప్‌లో మట్టం దిగుతుంది. లెవెల్ కింది గీత దగ్గర ఉంటే సెన్సర్ మొన ఆయిల్‌లో మునగకుండా చిమ్ముళ్లలో వేలాడుతుంది. అప్పుడు ముల్లు అటూ ఇటూ ఊగుతుంది, లేదా నిజానికంటే తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఈ రకం పెట్టినవారు లెవెల్‌ని పై గీత దగ్గరే ఉంచాలి.

వైరు పుల్లీకీ ఫ్యాన్ బెల్టుకీ పక్కనుంచే బయటికి వస్తుంది. దాన్ని ఇంజన్ చుట్టూ ఉండే టిన్ ప్లేటుకి క్లిప్పుతో కట్టేయకపోతే ఒకరోజు బెల్టు లాక్కుపోతుంది. లెవెల్ చూసిన ప్రతిసారీ వైరు వంగుతుంది కాబట్టి తెగేది ఎప్పుడూ తల దగ్గరే. అక్కడ 10 సెం.మీ. వదులు, మెత్తటి సిలికాన్ తొడుగు ఉన్న వైరు ఉంటే ఏళ్లు నిలుస్తుంది.

## డ్రెయిన్ నట్టు సెన్సర్

మామూలు టైప్ 1 ఇంజన్‌కి మేము మొదట సూచించేది ఇదే. సంప్ ప్లేటు మధ్యలో ఉండే డ్రెయిన్ నట్టు మర ఎం14×1.5 (14 మి.మీ. వ్యాసం, చుట్టుకి చుట్టుకి మధ్య 1.5 మి.మీ.). అదే మరతో వచ్చే పొట్టి సెన్సర్ దొరుకుతుంది, లేదా మధ్యలో ఎం10×1 మర కోసిన డ్రెయిన్ నట్టు దొరుకుతుంది. 1970ల్లో వచ్చిన కొన్ని ప్లేట్లకు డ్రెయిన్ నట్టే లేదు. అలాంటప్పుడు నట్టు ఉన్న పాత రకం ప్లేటు కొనాలి, అది పెద్ద ఖర్చు కాదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి ఇంజన్ ప్రాణం మీదికి తెస్తుంది. పంపు ఆయిల్ పీల్చే గొట్టం సరిగ్గా ఆ డ్రెయిన్ నట్టు నెత్తిమీదే ఉంటుంది. పొడవాటి సెన్సర్ బిగిస్తే దాని మొన పోయి గొట్టం నోటికి అడ్డం పడుతుంది. ప్రెషర్ లైటు వెంటనే వెలగకపోవచ్చు. పంపు ఎక్కువ వేగంలో తిరుగుతూ ఎక్కువ ఆయిల్ అడిగినప్పుడు, హైవే మీద, ఆయిల్ కరువు మొదలవుతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి పిల్లలు ఆడుకునే మైనం ముద్ద చాలు. ప్లేటుకి సెన్సర్ బిగించి, మొన మీద గోళీకాయంత ముద్ద పెట్టండి. జాలీ (సంప్‌లో ఆయిల్‌ని వడకట్టేది), ప్యాకింగులు అన్నీ మామూలుగా పెట్టి, ప్లేటుని స్టడ్‌ల మీదికి ఎక్కించి, నట్లు చేత్తో బిగించి మళ్లీ తీయండి. ముద్ద మీద గొట్టం నోరు గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది. ఆ అచ్చు అడుగుకీ సెన్సర్ మొనకీ మధ్య మిగిలిన మైనం మందం 6 మి.మీ.కి తగ్గకూడదు. తగ్గితే ఆ సెన్సర్ మీ బండికి పనికిరాదు. రాగి వాషర్లు రెండు వేసి సర్దుకుందామనుకోవద్దు. ముద్ద అసలు అంటకపోతే దూరం చాలినట్టే. పరీక్ష అయ్యాక మైనం చిన్న ముక్క కూడా లోపల మిగలకుండా తుడవాలి.

బిగింపు లెక్క:

- ప్లేటు పట్టే ఆరు ఎం6 నట్లకు 7 న్యూటన్ మీటర్లు. చిన్న పానాతో, మణికట్టు బలం మాత్రమే. నట్ల కింద కొత్త రాగి వాషర్లు.
- జాలీకి అటొకటి ఇటొకటి, రెండు కాగితపు ప్యాకింగులు. పాత ప్యాకింగు ముక్కలు ప్లాస్టిక్ గీకుడు ముక్కతో పూర్తిగా తీయాలి. సిలికాన్ పూస్తే పిండుకుని లోపలికి పోయి జాలీకి అతుక్కుంటుంది.
- డ్రెయిన్ నట్టుకి 34 న్యూటన్ మీటర్లు, కొత్త వాషర్‌తో. రంధ్రం చేసి మర కోసిన నట్టు మామూలు దానికంటే బలహీనం, ఇంత దాటించొద్దు.
- ప్లేటు వంగి ఉంటే నట్లు ఎంత బిగించినా కారుతుంది. అద్దం ముక్క మీద పెట్టి చూస్తే వంపు తెలిసిపోతుంది.

లోటు ఏమిటంటే, సెన్సర్ తల బండి అడుగున వేలాడుతుంది. రాయి తగలొచ్చు, ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది కూడా. సెన్సర్ తల మీద రబ్బరు టోపీ తొడిగితే గాలీ నీళ్లూ రెండూ ఆగుతాయి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ వైరు ఊడదీయాలి కాబట్టి, సెన్సర్ నుంచి 15 సెం.మీ. దూరంలో ఒక తొడుగున్న కనెక్టర్ పెట్టుకోవడం తెలివైన పని.

## అదనపు సంప్

సంప్ ప్లేటు స్థానంలో అల్యూమినియం డబ్బా ఒకటి బిగించి సుమారు 1.4 లీటర్ల ఆయిల్ పెంచే కిట్లు వస్తాయి. చాలావాటికి సెన్సర్ కోసం పక్కన రంధ్రం ముందే ఉంటుంది. సెన్సర్ పక్కనుంచి అడ్డంగా వస్తుంది కాబట్టి పీల్చే గొట్టంతో తగువు లేదు. గొట్టాన్ని పొడిగించే ముక్క కిట్టులో వస్తుంది, అది బిగుతుగా కూర్చోవాలి. వదులైతే పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది.

ఆయిల్ పెరిగితే వేడి తగ్గిపోతుందని అనుకోవద్దు. వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే. గంటసేపు ఎడతెగకుండా నడిపాక చేరే అంకె పెద్దగా మారదు. బస్సు అడుగు బీటిల్ కారు కంటే ఎత్తు కాబట్టి కొంత నయం గానీ, స్పీడ్ బ్రేకర్లు, మట్టి రోడ్లు ఉన్నచోట అడుగున అంత పెద్ద డబ్బా వేలాడదీయడం మేము సిఫారసు చేయం. సెన్సర్ కోసమే అయితే అసలు వద్దు.

## ఫిల్టర్ లైన్‌లో

టైప్ 1 ఇంజన్‌కి కంపెనీ ఇచ్చింది జాలీ మాత్రమే, ఆయిల్ ఫిల్టర్ లేదు. ఇంజన్ పూర్తిగా విప్పి బాగుచేస్తున్నవారు చాలామంది ఈ అవకాశంలోనే ఫుల్ ఫ్లో ఫిల్టర్ పెడతారు: పంపు మూత నుంచి ఆయిల్‌ని గొట్టంతో బయటికి తెచ్చి, ఫిల్టర్ గుండా పోనిచ్చి, కేసులోని ప్రధాన దారికి మర కోసి అక్కడ తిరిగి ఎక్కిస్తారు. ఫిల్టర్ తల దగ్గర సెన్సర్ పెడితే అది కొలిచేది పంపు నుంచి నేరుగా పారే ఆయిల్‌ని, అదీ కూలర్‌కి వెళ్లకముందు. కొలతలో ఇంతకంటే నమ్మకమైన చోటు లేదు. ముల్లు నిలకడగా కదులుతుంది, ఎదురుగాలి ప్రభావం తక్కువ, ఆయిల్ లెవెల్‌తో సంబంధం లేదు.

బయటి కూలర్ కూడా పెడుతుంటే సెన్సర్ దానికి ముందే ఉండాలి. తర్వాత పెట్టి 85 చూసి సంతోషపడేవారు ఉన్నారు, లోపల సంప్‌లో 115 ఉన్నా తెలియదు.

దీని మూల్యం గొట్టాలు. ఒక్క క్లిప్పు జారినా రెండున్నర లీటర్లు నిమిషాల్లో రోడ్డు మీద. మరతో బిగించే ప్రెషర్ ఫిట్టింగులే వాడాలి, ఇంధనం గొట్టం ముక్కకి క్లిప్పు వేసి సరిపెట్టొద్దు. గొట్టం ఎగ్జాస్టుకి తగలకుండా, ఇంజన్ ఊగినప్పుడు చాసిస్‌కి రాసుకోకుండా చూడాలి. ఇంజన్ విప్పే పని లేకపోతే సెన్సర్ ఒక్కదాని కోసం ఈ దారి పట్టొద్దు.

## ప్రెషర్ స్విచ్ రంధ్రం: ఎందుకు వద్దు

డిస్ట్రిబ్యూటర్ పక్కన, డాష్‌బోర్డు ఆయిల్ లైటుని వెలిగించే ప్రెషర్ స్విచ్ చేతికి అందేలా ఉంటుంది. అక్కడ T ఆకారపు ముక్క పెట్టి స్విచ్, సెన్సర్ రెండూ బిగిద్దామని అనిపిస్తుంది. ఆ దారి మూసిన సందు. ఆయిల్ ప్రెషర్ అక్కడికి చేరుతుంది, ఆయిల్ మాత్రం పారదు. ప్రెషర్ కొలవడానికి అది చాలు, వేడి కొలవడానికి చాలదు.

ఇంకో ప్రమాదం మరది. ఆ రంధ్రం ఎం10×1, కొద్దిగా మొనతేలిన మర. అమెరికా మార్కెట్ సెన్సర్లలో చాలావాటికి 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు కొలత) మర ఉంటుంది. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, మొదటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. మూడో చుట్టుకి మెగ్నీషియం పగులుతుంది.

## టైప్ 4 ఇంజన్ అయితే

1972 మోడల్ నుంచి పెద్ద బస్సుల్లో వచ్చిన ఈ ఇంజన్‌కి ఫిల్టర్ కంపెనీ నుంచే ఉంది. ఫిల్టర్‌తో కలిపి 3.5 లీటర్ల ఆయిల్ పడుతుంది. ఇదే కుటుంబం ఇంజన్ వాడిన పోర్షె 914లో ఆయిల్ టెంపరేచర్ సెన్సర్‌ని కేసు మీది చిన్న కవర్ ప్లేటులో పెట్టారు. దాన్ని ఈ బండ్లు బాగుచేసేవారు టాకో ప్లేటు అంటారు. మీకు కావల్సింది సెన్సర్ రంధ్రం ఉన్న ఆ ప్లేటూ, కొత్త ప్యాకింగూ. ఇంత శుభ్రమైన దారి ఉండగా వేరేది వెతకనక్కర్లేదు. సంప్ జాలీని పట్టే ఒంటి బోల్టు జోలికి మాత్రం సెన్సర్ పేరుతో వెళ్లొద్దు. దాన్ని అతిగా బిగిస్తే కేసు పగులుతుంది.

## మీటరూ సెన్సరూ ఒకే జంట కావాలి

ఈ సెన్సర్లు వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే రకం. ఒకే కంపెనీలో కూడా 120 డిగ్రీల మీటరుకి ఒక సెన్సర్, 150 డిగ్రీల మీటరుకి ఇంకొకటి ఉంటాయి. వీడీఓ కంపెనీ సెన్సర్ల సుమారు లెక్క:

| వేడి | 120 రకం | 150 రకం |
|---|---|---|
| 80° | 69 ఓమ్‌లు | 113 ఓమ్‌లు |
| 100° | 38 ఓమ్‌లు | 62 ఓమ్‌లు |
| 120° | 22 ఓమ్‌లు | 36 ఓమ్‌లు |

120 రకం సెన్సర్‌ని 150 మీటరుకి కలిపితే ఏమవుతుందో పట్టికలోనే ఉంది. ఆయిల్ 100 దగ్గర ఉన్నప్పుడు సెన్సర్ 38 ఓమ్‌లు ఇస్తుంది, మీటరు దాన్ని 118 అని చదువుతుంది. ఉత్త పుణ్యానికి ఇంజన్ విప్పిస్తుంది ఈ తప్పు. తారుమారుగా కలిపితే ఇంకా ప్రమాదం, 120 వేడి ఉన్నప్పుడు ముల్లు 100 అని చూపించి నిద్రపుచ్చుతుంది.

గాలి ఇంజన్ ఆయిల్‌కి 150 రకమే తీసుకోండి. 120 మీటరు సరిగ్గా మీకు సమాచారం కావాల్సిన చోట అయిపోతుంది. పాత డాష్‌బోర్డుకి 52 మి.మీ. ముల్లు మీటరు అందం, రాత్రి చూపుకి కూడా సులువు. డిజిటల్ మీటరు ఒక్కో డిగ్రీ చూపిస్తుంది గానీ నడిపేవాడికి కావల్సింది ఒక్క డిగ్రీ కాదు, ముల్లు ఎటు పోతోందన్నది. డాష్‌బోర్డుకి కొత్త రంధ్రం చేయడం ఇష్టం లేనివారు స్టీరింగ్ కింద బ్రాకెట్‌కి బిగించుకోవచ్చు.

బిగించే ముందు సెన్సర్‌ని మరిగే నీళ్లలో పరీక్షించండి. గిన్నె అడుక్కి తగలకుండా వైరుతో వేలాడదీసి, మల్టీమీటరు ఒక కొన సెన్సర్ తలకి, ఇంకోటి ఒంటికి పెట్టాలి. విజయవాడలో నీళ్లు దాదాపు 100 దగ్గర మరుగుతాయి, హైదరాబాద్ ఎత్తుకి 98. అమెరికాలో ఎత్తు మీద ఉన్న డెన్వర్‌లోని వారికి 95 కూడా దాటవు, పట్టిక చూసేటప్పుడు అది లెక్కలో పెట్టుకోవాలి.

## వైరింగ్

ఇంజన్ వెనక, మీటరు ముందు. 1 చదరపు మి.మీ. వైరు 6 మీటర్లు కొంటే మలుపులకి కూడా సరిపోతుంది. పాత హార్నెస్ వెంటే తీసుకెళ్లి, టిన్ ప్లేటు దాటే ప్రతి రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ వేయాలి. ఎగ్జాస్టు వేడితో క్యాబిన్‌కి వెచ్చని గాలి ఇచ్చే హీట్ ఎక్స్చేంజర్‌కి జానెడు దూరం ఉంచండి.

సెన్సర్‌కి ఒకటే తల ఉంటే దాని ఎర్త్ ఒంటినుంచే. కాబట్టి మరకి తెల్ల టేపు చుట్టొద్దు. టేపు ఎర్త్‌ని అడ్డుకుంటే మీటరు చల్లగా చూపిస్తుంది. రాగి వాషర్ సీలూ ఇస్తుంది, ఎర్త్ కూడా ఇస్తుంది. రంగు వేసిన ప్లేటైతే వాషర్ కూర్చునే చోటా, నట్ల కిందా రంగు గీకేయాలి.

మీటరుకి ఇగ్నిషన్ నుంచి ఫ్యూజు ద్వారా కరెంటు, సెన్సర్ వైరు, ఎర్త్, లోపలి దీపానికి హెడ్‌లైటు స్విచ్ నుంచి ఒక వైరు. అంతే. బాగున్నదో లేదో చూడటానికి ఇగ్నిషన్ ఆన్ చేసి సెన్సర్ దగ్గర వైరు ఊడదీయండి, ముల్లు అడుక్కి పడిపోవాలి. ఆ వైరుని ఒక్క క్షణం ఇంజన్ లోహానికి తాకించండి, ముల్లు పైకి దూసుకుపోవాలి. ఇది గుర్తుంటే దారిలో కూడా పనికొస్తుంది. చల్లటి ఇంజన్‌తో బయల్దేరిన రెండు నిమిషాలకే ముల్లు పై కొసకి వెళ్తే ఆయిల్ మరగలేదు, వైరు ఎక్కడో రాసుకుని ఎర్త్ అయింది.

## ఎవరికి ఏది

ఇంజన్ బండిలోనే ఉండి బాగా నడుస్తుంటే, వచ్చే ఆయిల్ మార్పిడిలో డ్రెయిన్ నట్టు సెన్సర్. ప్రదర్శనలకు తీసుకెళ్లే, ప్రతి నట్టూ అసలుదే కావాలనుకునే బండికి డిప్‌స్టిక్ రకం. ఇంజన్ ముక్కలుగా బల్ల మీద ఉంటే, దూర ప్రయాణాలు మీ ఉద్దేశమైతే, ఫుల్ ఫ్లో ఫిల్టర్, దాని తలలో సెన్సర్. రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే డ్రెయిన్ నట్టుతో మొదలుపెట్టండి. రేపు ఫిల్టర్ పెట్టినా మీటరూ వైరూ అవే పనికొస్తాయి, సెన్సర్ ఒక్కటి మారుతుంది.

## బిగించాక అంకెలు

సంప్ ఆయిల్ 80 నుంచి 110 మధ్య ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. చిన్న చిన్న ప్రయాణాల్లో 70 దాటకపోవడం కూడా మంచిది కాదు, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరవదు, ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడ పేరుకుంటుంది. 120 తాకితే వేగం తగ్గించి, కిందిగేరు వేసి ఫ్యాన్ చురుగ్గా తిరగనివ్వండి. 130 దగ్గర బండి పక్కకి ఆపాలి.

అంకె ఎక్కువ వస్తోందని వెంటనే బయటి కూలర్ కొనొద్దు. బాగుచేసిన బస్సుల్లో మొదట చూడాల్సింది ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు, ఫోమ్ సీళ్లు. అవి లేకపోతే ఎగ్జాస్టు వేడి గాలి పైకి వచ్చి ఫ్యాన్‌లోకే మళ్లీ పోతుంది. తర్వాత టిన్ ప్లేట్లు అన్నీ ఉన్నాయా, ఫ్యాన్ హౌసింగ్‌లోని రేకు తలుపులు వేడెక్కాక పూర్తిగా తెరుచుకుంటున్నాయా, ఇగ్నిషన్ టైమింగ్ సరిగ్గా ఉందా, కార్బురేటర్ మిశ్రమం మరీ పలచగా ఉందా చూడాలి. 1971 మోడల్ నుంచి కూలర్‌ని పక్కకి జరిపి దానికి విడిగా గాలి దారి ఇచ్చారు. అంతకుముందు మోడళ్లలో కూలర్ దాటి వేడెక్కిన గాలే మూడో సిలిండర్‌కి వెళ్లేది. పాత హౌసింగ్ ఉన్న ఇంజన్‌లో అంకె ఎక్కువగా ఉంటే మూడో సిలిండర్ ఎగ్జాస్టు వాల్వు సందు ముందుగా కొలవండి.

మొదటి నెల ఒక చిన్న పుస్తకంలో బయటి ఎండ, వేగం, నడిపిన సమయం, ముల్లు చూపిన అంకె రాసుకోండి. మీ బండికి మామూలు అంకె ఏదో అప్పుడు తెలుస్తుంది. అదే దారిలో, అదే ఎండలో ముల్లు ఒకరోజు 10 డిగ్రీలు పైన నిలిస్తే, ఇంటికి రాగానే మొదట డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడండి, ఆ తర్వాత ఫ్యాన్ ఇన్‌టేక్‌లో ఎండుటాకులో, గుడ్డముక్కో ఇరుక్కుందేమో చేయి పెట్టి వెతకండి, ఇంజన్ ఆపాకే.